వంగదేశపు కాటకము - పసివారి పోషణ

కాటకములకు ప్రజలు సంవత్సరముల పేర్లు పెట్టి జ్ఞాపకముంచుకొందురు. 1832-33లో గుంటూరు సీమను పాడుచేసిన కరువును తెలుగువారు నందన కరువనిరి. 1876లో బళ్లారి, కర్నూలు, కడప మండలములను దహించినది ధాత కరువు. వంగదేశమునందును ఇదే వాడుక. 1770 నాటి మహాక్షామము వంగశకమున 1176వ ఏట వచ్చినందున దానికి ‘ఛియాత్తరేర్ మన్వంతర్’ అని పేరు వచ్చెను. 1943 నాటిది 1350వ ఏటిది కనుక ‘పంచాశేర్ మన్వంతర్’ అయ్యెను. మన్వంతరమనగా మన పురాణములలో ఒక మనువు ఏలిన కాలము. వంగభాషలో ఆ మాటయే కాటకమునకు పేరై నిలిచినది.

ఈ పంచాశత్తు కాటకమున ఎందరు మరణించిరను విషయమున ఎంతో చర్చ జరిగినది. 1945లో నివేదిక వెలువరించిన విచారణ సంఘము పదునైదు లక్షలని చెప్పెను. తరువాతి పరిశోధకులు పెక్కుమంది అది ముప్పది లక్షలకు చేరువగా ఉండునని నిర్ణయించిరి. ఆ సంఘమున సభ్యుడైన డాక్టరు ఐక్రాయిడ్ సయితము మూడు దశాబ్దముల తరువాత, తాము వేసిన లెక్క తక్కువయే అయినదని తన గ్రంథమున అంగీకరించెను. అయితే చనిపోయినవారి లెక్కతో కాటకపు చరిత్ర పూర్తికాదు. ఆ దినములలో పసిబిడ్డకు ఎవరు అన్నము పెట్టిరి, ఏమి పెట్టిరి, ఎంత ఆలస్యముగా పెట్టిరి అని అడిగినప్పుడే ఆ రాజ్యము, ఆ సంఘము ఎట్టివో తెలియును. దాని తరువాత ఈ దేశమున పిల్లల పోషణకై జరిగిన ప్రయత్నములకు కూడ మూలము అచ్చటనే దొరకును.

మొదట ఒక అపోహను తొలగించుకొనవలెను. 1943లో వంగదేశమున పంట పూర్తిగా పోలేదు. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమగుటతో బర్మా బియ్యము రాక ఆగిపోయెను. శత్రువు చేతికి చిక్కరాదని సముద్రతీరపు మండలములలోని బియ్యమును, వేలకొలది పడవలను ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. అదే సంవత్సరము అక్టోబరు 16న మేదినీపురముపైన, ఇరువదినాలుగు పరగణాలపైన గొప్ప తుపాను విరుచుకొనిపడెను. ఇవన్నియు దెబ్బలే. కాని అమర్త్య సేన్ 1981లో ప్రకటించిన గ్రంథమున లెక్కలతో చూపినట్లు, దేశమునందున్న ధాన్యముకంటె ధాన్యము కొనుటకు బీదవానికున్న శక్తియే ఎక్కువ వేగముగా తరిగిపోయెను. యుద్ధవ్యయమునకై నోట్లు విస్తారముగా ముద్రింపబడెను. కలకత్తాలో సైన్యమునకు, కర్మాగారములకు పనిచేయువారి చేతిలో డబ్బు ఆడెను; వారికి చౌకగా ధాన్యమందించు ఏర్పాటులు కూడ జరిగెను. పల్లెలోని కూలివాని కూలి మాత్రము పెరుగలేదు. కలకత్తా బజారులో 1942 డిసెంబరున మణుగు 13, 14 రూపాయలున్న బియ్యము 1943 మార్చికి 21, మే నెలకు 30, ఆగష్టుకు 37 రూపాయలయ్యెను. తూర్పు మండలములలో శరదృతువునాటికి నూరు రూపాయలు దాటినట్లు కూడ వార్తలు వచ్చెను. ఇది ధరలవలన పుట్టిన కాటకము.

ఆ ధరలు అందరిని ఒకే విధముగా తాకలేదు. తరువాతి కాలమున ప్రొఫెసరు మహలనోబిస్, ఆయన సహచరులు గ్రామములలో జరిపిన పరిశీలనలో ఈ సంగతి స్పష్టముగా బయటపడెను. పొలమున్న రైతు కొంతవరకు నిలదొక్కుకొనెను. సర్వనాశనమైనవారు వ్యవసాయకూలీలు, చేపలు పట్టువారు, పడవలు నడుపువారు, ఇతరుల వడ్లను దంచి బ్రతుకు స్త్రీలు. పడవలు లేనందున జాలరికి నది మూతబడెను. వడ్లు కొని దంచించుకొనువారు లేనందున ఢేంకి మీద బ్రతికిన విధవరాలి పని పోయెను. బియ్యపు ధర పెరిగినకొలది మంగలికి, పాలవానికి, చేపలవానికి పని గాని సరకు గాని ఇచ్చి తెచ్చుకొనగల బియ్యము తరిగిపోయెను. తిండికే డబ్బు చాలని ఊరిలో క్షౌరము చేయించుకొనువారెవరు? సంఘమున ఎవరి వృత్తి ఇతరుల మిగులుపై ఆధారపడియుండునో వారే మొదట కూలిరి. ఆ ఇండ్లలో పిల్లల ఆకలి ఊరికి కరువు వచ్చినదని ఇతరులు గ్రహించుటకు కొన్ని నెలల ముందే ప్రారంభమైనది.

అట్టి ఇంట బిడ్డ స్థితి ఎట్లుండును? చంటిబిడ్డకు తల్లిపాలు కొంతకాలము రక్షణ. తల్లి తినకపోయినను కొన్నాళ్లు పాలు వచ్చును. బిడ్డకు ఏడాది నిండి పాలు మానిన తరువాత, స్వయముగా పెద్దల అన్నము తిని అరిగించుకొనగల వయసు వచ్చులోపల ఉన్న రెండు మూడు సంవత్సరముల కాలము అత్యంత ప్రమాదకరమైనది. ఆ వయసు బిడ్డ పని చేయజాలడు, బిచ్చమెత్తజాలడు, వరుసలో నిలువజాలడు. వాని చిన్న కడుపునకు కొంచెము కొంచెముగా పలుమారులు పెట్టవలెను. పెద్దలకు రెండు పూటలు లేనప్పుడు బిడ్డకు నాలుగు పూటలు ఎక్కడివి? కాటకమున పసివారు, వృద్ధులు ఎక్కువగా పోవుదురని విచారణ సంఘము వ్రాసినదానికి వెనుకనున్న కారణమిదియే.

ఈ దేశమున కరువును ఎదుర్కొను శాస్త్రము 1943 నాటికి కొత్తది కాదు. ధాత కరువులో సర్ రిచర్డ్ టెంపుల్ పనిచేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని 1877 జనవరిలో కూలిని తగ్గించెను. చెన్నరాజధాని ఆరోగ్యశాఖాధికారి డాక్టరు కార్నిష్ అది మనుష్యుని నిలువునా క్షీణింపజేయునని ఎదురు నిలిచి వాదించెను. మే నెలలో కూలి కొంత పెంచబడెను. రాయలసీమ ప్రజల శరీరములపై జరిగిన ఆ వాదమునుండియే, 1880 నాటి కరువు సంఘపు నివేదిక ద్వారా, కరువు నిబంధనలు పుట్టెను. కరువు వచ్చినదని ప్రకటింపవలెను. బలము గలవారికి పని చూపవలెను. పనిచేయలేని ఆశ్రితులకు, అనగా పిల్లలకు, వృద్ధులకు, రోగులకు ఉచితముగా అన్నము పెట్టవలెను. ఇది ఆ నిబంధనల సారము.

1943లో వంగదేశమున ఆ నిబంధనలు అమలు కాలేదు. కరువు వచ్చినదని ప్రభుత్వము ప్రకటింపలేదు. నిబంధనలు చెప్పిన పరిమాణమున ఇచ్చుటకు ధాన్యము తమవద్ద లేదు కనుకనే వానిని అమలుజరుపలేదని తాత్కాలిక గవర్నరు రూథర్‌ఫర్డ్ ఆ సంవత్సరము అక్టోబరులో రాజప్రతినిధికి తెలియజేసెను. ప్రకటనయే లేనందున ఆశ్రితులను లెక్కించు అధికారియు లేడు. పిల్లవాని పేరు ఏ పట్టికకు ఎక్కలేదు. ఆగష్టు 22న ‘స్టేట్స్‌మన్’ పత్రిక సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ కలకత్తా వీధులలోని దృశ్యముల ఛాయాచిత్రములను ప్రకటించు వరకు ఈ విషయము దేశమునకును, ప్రపంచమునకును సరిగా తెలియనే లేదు.

పల్లెలనుండి జనము కలకత్తాకు నడచివచ్చిరి. వారు అన్నము అడుగలేదు. ‘ఫ్యాన్ దావ్, మా’ అని ఇంటింటి ముందు నిలిచి అరచిరి. ఫ్యాన్ అనగా గంజి. ‘గంజి పోయవమ్మా’ అని ఆ కేకకు అర్థము. మురుగులో పారబోయు వార్పుగంజిని అడుగుట వలన, అన్నము అడుగు హక్కు తమకు లేదని వారే ఒప్పుకొనినట్లయ్యెను. ఆ కాలపు వంగసాహిత్యములోను, వృద్ధుల జ్ఞాపకములలోను ఈ కేక నేటికిని వినిపించుచున్నది.

శరత్కాలము వచ్చునప్పటికి ప్రభుత్వము, ధర్మసంస్థలు కలిసి వంటశాలలు తెరచిరి. నవంబరునాటికి రాష్ట్రమంతట వాని సంఖ్య ఆరువేలు దాటెను. సంఖ్య చూచిన గొప్పగానే ఉండును. కాని అక్కడ పోసినది పలుచని జావ. పెద్దవానికైనను ఒక దినమునకు చాలునది కాదు. బియ్యము దొరకనిచోట సజ్జలు, జొన్నలు కలిపి కాచిరి. బియ్యము తప్ప మరొకటి ఎరుగని వంగదేశీయునకు వాని రుచియు తెలియదు, వండు విధానమును తెలియదు. ఆకలితో పలుచబడిన పసిపేగులకు సరిగా ఉడకని ముతకధాన్యము విషముతో సమానమైనది. పసిపిల్లలకు విరేచనములు పట్టుకొనెను. పైగా, వంటశాల మైళ్ల దూరమున ఉన్నప్పుడు తల్లి బిడ్డనెత్తుకొని నడువవలెను. ఇంటనున్న రెండవ బిడ్డను విడువవలెను. ఉపవాసముతో నున్న శరీరము ఆ నడకకు ఖర్చు చేసిన శక్తిని జావ తిరిగి ఈయలేదు.

ఈ లోపమును మొదట గుర్తించినది స్త్రీలు. 1942లో ఏర్పడిన మహిళా ఆత్మరక్షా సమితి 1943 మార్చిలో వేలాది స్త్రీలను కలకత్తా శాసనసభా భవనమునకు నడిపించి బియ్యము చౌకగా ఇప్పింపుడని కోరెను. కరువు ముదిరినప్పుడు ఆ సమితివారు పిల్లలకు పాలు పోయు కేంద్రములు నడిపిరి. అఖిల భారత మహిళా సభ పిల్లల రక్షణకై ప్రత్యేకముగా నిధి కూర్చెను. విజయలక్ష్మీ పండిత్ ఆ పనికై వంగదేశమున తిరిగెను. ఇండియను రెడ్‌క్రాసువారు డబ్బాపాలు, పొడిపాలు తెప్పించిరి. క్వేకరు శాఖకు చెందిన సేవాదళము వానిని మండలములకు చేర్చెను. ఈ పాలకేంద్రముల పద్ధతి వంటశాలల పద్ధతికి భిన్నమైనది. ఇక్కడ పేరు వ్రాసికొందురు. బిడ్డ ప్రతిదినము వచ్చుచున్నదో లేదో చూతురు. కేంద్రమునందే త్రాగింతురు. ఇంటికి ఇచ్చినచో ఆ పాలు ఇంటిల్లిపాదికి పంచబడును. బజారులో అమ్ముడుపోయినను ఆశ్చర్యము లేదు. గర్భిణులను, బాలింతలను కూడ చేర్చుకొనిరి. తల్లిని విడిచి బిడ్డను పోషింపజాలమని వారు ఆచరణలో నేర్చుకొనిరి. ఈ కేంద్రముల సంఖ్య అవసరమునకు చాలలేదు. అయినను నేటి శిశుపోషణ కేంద్రములలో కనబడు అంగములన్నియు అందులో చిన్నరూపమున ఉండెను.

అక్టోబరు చివర మరొక విపత్తు వచ్చెను. నిరాశ్రితులను కలకత్తానుండి తొలగించుటకు ప్రభుత్వము ఆజ్ఞాశాసనము చేసెను. వీధులలో నున్నవారిని లారీలలో ఎక్కించి శిబిరములకు, అచ్చటినుండి పల్లెలకు పంపిరి. తల్లి గంజికై ఒక వీధికి, బిడ్డ మరొక వీధికి పోయిన సమయమున లారీ వచ్చినచో ఆ కుటుంబము మరల కలియుట దుర్లభము. ఇట్లు అనాథలైన పిల్లలు కొందరు నిజముగా తల్లిదండ్రులు లేనివారు కారు. వారి తల్లిదండ్రులు ఎక్కడనో బ్రతికియే ఉండిరి. అదే నెలలో రాజప్రతినిధిగా వచ్చిన వేవెల్ కలకత్తా చూచి సైన్యమును సహాయమునకు దింపిన తరువాతనే ధాన్యపు రవాణా కొంత దారికి వచ్చెను. 1944 జనవరి 31న నగరమున రేషను ప్రారంభమయ్యెను.

డిసెంబరు పంట బాగుగా పండెను. పత్రికలు కరువు తీరినదని వ్రాసెను. నిజమునకు ఆ కాటకపు మరణములలో సగమునకు మించి 1943 గడచిన తరువాతనే సంభవించినవి. కలరా, మలేరియా, మశూచి ఒకదాని వెంట నొకటి వచ్చెను. తినక బలముడిగిన శరీరము జ్వరమును తట్టుకొనలేదు. జ్వరము వచ్చిన బిడ్డ అన్నము చూచినను తినలేదు. పోషణలోపము రోగమును, రోగము పోషణలోపమును పెంచు ఈ చక్రమును అప్పటి వైద్యులు కలకత్తా ఆసుపత్రులలో కన్నులార చూచిరి. చాలకాలము పస్తున్నవానికి ఒక్కమారుగా కడుపునిండ పెట్టినచో ప్రాణమునకే ముప్పని వారికి అనుభవమయ్యెను. పొడిపాలు, చక్కెర, బియ్యపుపిండి మొదలగు వానితో కొద్దికొద్దిగా ఇచ్చు ఒక మిశ్రమమును వారు వాడిరి. 1945లో జర్మనీలోని బెల్సెన్ నిర్బంధ శిబిరము విడుదలైనప్పుడు బ్రిటిషు వైద్యులు ‘వంగదేశపు కాటక మిశ్రమము’ అను పేరుతో దానినే అచ్చటి ఖైదీలకు పోసిరి. తూర్పు ఐరోపాకు చెందిన ఆ రోగులలో పెక్కుమందికి ఆ తీపి సహింపలేదు. కలకత్తాలో సజ్జజావ చెప్పిన పాఠమునే ఇది మరల చెప్పెను: ఆకలిగొన్నవానికి కూడ తనకు అలవాటైన రుచి, తన ఇంటి తిండి కావలెను.

సాహిత్యకారులు ఈ కాటకమున చేసిన పని చిన్నది కాదు. చిత్తప్రసాద్ మేదినీపుర మండలమున కాలినడకన తిరిగి తాను చూచినవారి ముఖములను గీసి వారి కథలను వ్రాసెను. ఆ పుస్తకపు ప్రతులను ప్రభుత్వము స్వాధీనము చేసికొని నాశనము చేసెను. జైనుల్ ఆబెదిన్ నల్లసిరాతో గీసిన రేఖాచిత్రములు, సునీల్ జానా ఛాయాచిత్రములు, విజన్ భట్టాచార్య 1944లో రచించి ప్రదర్శింపజేసిన ‘నవాన్న’ నాటకము ఆ కాలపు సాక్ష్యములు. విభూతిభూషణ బందోపాధ్యాయుని ‘అశని సంకేత్’ నవలలో కాటకము గొప్ప సంఘటనగా రాదు. బియ్యపు ధర కొద్దికొద్దిగా పెరుగుచుండగా ఒక చిన్న గ్రామపు మర్యాదలు, ఇచ్చిపుచ్చుకొనుటలు ఒక్కొక్కటిగా సడలిపోవుటను ఆయన చూపెను. హిందీలో రాంగేయ రాఘవుడు ఆగ్రానుండి వైద్యబృందముతో వంగదేశమునకు పోయి, చూచినదానిని ‘తూఫానోఁ కే బీచ్’ అను రచనగా అందించెను. అమృతలాల్ నాగర్ ‘మహాకాల్’ నవలలో ఒక పల్లెటూరి ఉపాధ్యాయుని కన్నులతో ఆ దినములను చిత్రించెను. ప్రభుత్వపు కాగితములపై లేని పిల్లలు ఈ రచనలలో ఉన్నారు. చరిత్రకారునకు ఈ గ్రంథములు కేవలము కల్పనలు కావు. ఏ ఇంట ఎవరు మొదట తినుట మానిరో చెప్పు పత్రములు.

విచారణ సంఘమునకు సర్ జాన్ వుడ్‌హెడ్ అధ్యక్షుడు. అందు ఐక్రాయిడ్ ఉండుట యాదృచ్ఛికము కాదు. ఆయన నీలగిరులలోని కూనూరున పోషణ పరిశోధనశాలకు అధిపతి. మెకారిసన్ 1918లో బెరిబెరి వ్యాధి పరిశోధనకై ప్రారంభించిన చిన్న శాఖయే పెరిగి ఆ సంస్థయైనది. భారతీయ ఆహారపదార్థముల పోషకవిలువలను 1937లో ఒక చిన్న పుస్తకమున సంగ్రహించి ఐక్రాయిడ్ ప్రకటించెను. కాటకపు విచారణ నివేదికలో ఆకలిచావులతోబాటు, కాటకము లేని సంవత్సరములలో బీదవారిని పట్టి పీడించు నిత్యపోషణలోపమును గూర్చియు వ్రాయబడెను. కాటకమున బిడ్డ చచ్చుటకు మునుపే మంచి సంవత్సరములలో వాడు సగము కృశించియుండెనను సత్యము అక్కడ రాజముద్రతో అంగీకరింపబడినది.

ఆ కూనూరు సంస్థ 1958 ప్రాంతమున హైదరాబాదునకు తరలివచ్చెను. 1969లో జాతీయ పోషణ సంస్థయని పేరు మార్చుకొనెను. తెలుగుదేశమునకు ఈ చరిత్రతోడి సంబంధము ఇట్లు బలపడెను. డాక్టరు గోపాలన్ ఆధ్వర్యమున అచ్చట జరిగిన పరిశోధనలు ఒక ప్రబలమైన అభిప్రాయమును మార్చినవి. బీద పిల్లలకు లోపించినది ముఖ్యముగా మాంసకృత్తులనియు, విదేశముల నుండి ప్రత్యేక పిండ్లు తెప్పింపవలెననియు అప్పుడు ప్రపంచమున పలువురు నమ్మియుండిరి. మన పిల్లలు తిను ధాన్యము, పప్పు కడుపునిండ దొరికినచో మాంసకృత్తులు చాలవరకు సరిపోవుననియు, లోపించినది తిండి పరిమాణమే యనియు గోపాలన్ బృందము చూపెను. గోధుమలు, సెనగలు, వేరుసెనగలు వేయించి పొడిచేసి బెల్లము కలిపిన ‘హైదరాబాదు మిశ్రమము’ ఆ ఆలోచనకు ఫలము. అది ఏ తల్లియైనను ఇంటనే చేసికొనదగినది, బిడ్డకు నచ్చునది. కంటిచూపు పోగొట్టు ఏ-విటమిను లోపమునకు ఆరు నెలలకొకమారు పెద్ద మోతాదు నిచ్చు పద్ధతియు అక్కడనే పరీక్షింపబడి 1970లో జాతీయ కార్యక్రమమయ్యెను.

స్వతంత్ర భారతమునకు మొదటి కఠినపరీక్ష 1966-67లో బిహారున వచ్చెను. రెండేండ్లు వరుసగా వానలు తప్పగా పలామూ, గయ, హజారీబాగు మండలములు ఎండిపోయెను. ఈసారి ప్రభుత్వము 1967 ఏప్రిలులో కరువు వచ్చినదని బాహాటముగా ప్రకటించెను. చౌకధరల దుకాణములద్వారా గోధుమలు పల్లెలకు చేరెను. జయప్రకాశ్ నారాయణుని అధ్యక్షతన బిహారు సహాయసంఘము వంటశాలలు నడిపెను. విదేశ సంస్థల సాయముతో బడులలో లక్షలాది పిల్లలకు దినదినము అన్నము పెట్టిరి. ఫణీశ్వరనాథ్ రేణు ఆ ఎండిన పల్లెలను తిరిగి చూచి వ్రాసిన వ్యాసములు తరువాత ‘ఋణజల్ ధనజల్’ అను గ్రంథమున చేరినవి. ఆకలి లేదనుట కాదు. బడికి పోని పసిబిడ్డకు బడిలోని అన్నము అందలేదు. కాని 1943 నాటి జననష్టము మరల రాలేదు. 1972-73లో మహారాష్ట్రమున కరువు వచ్చినప్పుడు ఇంకొక అడుగు పడెను. ప్రభుత్వపు పనులలో ఒక సమయమున సుమారు 50 లక్షలమందికి కూలి దొరికెను. వారిలో స్త్రీలు విస్తారముగా ఉండిరి. తల్లి చేతికి కూలి వచ్చినచో బిడ్డ నోటికి అన్నము పోవుటకు మధ్యవర్తి అక్కరలేదు.

1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ప్రారంభమైన సమగ్ర శిశుసేవా పథకము ఆరేండ్లలోపు పిల్లలను, గర్భిణులను, బాలింతలను ఒకేచోట చేర్చెను. పాలకేంద్రపు పద్ధతియే ఇక్కడ శాశ్వతరూపము ధరించినదనవచ్చును. 2001 నవంబరు 28న సుప్రీము కోర్టు బడిపిల్లలకు వండిన అన్నము పెట్టవలెనని ఆజ్ఞాపించెను. 2013 నాటి ఆహారభద్రతా చట్టము ఆరు నెలల బిడ్డ మొదలు పదునాలుగేండ్లవారి వరకు ఆహారమును హక్కుగా చేసెను. 2020లో మహమ్మారివలన బడులు, అంగన్వాడీలు మూతబడి, కూలిపనులు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు ఆ హక్కు పరీక్షకు నిలిచెను. వంట ఆగినచోట బియ్యము, పప్పు, గుడ్లు ఇంటికి చేర్చవలసి వచ్చెను. ఇంటికి చేరిన తిండి ఇంటిల్లిపాదికి పంచబడునను 1943 నాటి చిక్కు మరల ఎదురయ్యెను.

కాటకము పోయినది, కృశత్వము పోలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 35.5 మంది వయసునకు తగిన ఎత్తు ఎదుగలేదు, నూటికి 19.3 మంది ఎత్తునకు తగిన బరువు లేరు. వీరు వీధులలో గంజికై అరచువారు కారు. వారి ఆకలికి కేక లేదు కనుక అది వినబడదు. కొలిచి చూచినగాని తెలియదు.

పంచాశత్తు కాటకము నేర్పినది నాలుగు మాటలలో చెప్పవచ్చును. ధర పెరిగి కూలి పెరుగని దినముననే బిడ్డకు ముప్పు మొదలగును. పంట లెక్క చూచుచు కూర్చున్న ప్రభుత్వమునకు అది కనబడదు. అన్నము బిడ్డ ఉన్నచోటికి రావలెను; బిడ్డ అన్నమున్నచోటికి పోజాలడు. తల్లిని, వైద్యుని విడిచి పెట్టిన తిండి సగము వ్యర్థము. అన్నిటికంటె ముందు, బిడ్డ పేరు ఒక పట్టికలో ఉండవలెను. 1943లో కలకత్తా వీధులలో లారీలకెక్కిన పిల్లలకు ఆ నాలుగవది లేదు. ఈనాడు అంగన్వాడీలో ప్రతినెల బిడ్డను తూచి పుస్తకమున బరువు వ్రాయు కార్యకర్త చేయుచున్న పని చిన్నదిగా తోచవచ్చును. ఆ పుస్తకము లేని దేశము ఎట్లుండెనో వంగదేశపు చరిత్ర చెప్పుచున్నది.